కెంపమ్మ సంతకం

ఆరేళ్ళపాటు కెంపమ్మ సంతకం పెట్టింది నేను. అప్పటికి ఆమె ముఖం ఒక్కసారి కూడా చూడలేదు.

దొంగతనం కాదండీ, ఉద్యోగం. నా పేరు సుమ. మారతహళ్ళిలో లక్ష్మీనారాయణగారి ఆడిట్ ఆఫీసులో పందొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాను. చిన్న చిన్న కంపెనీల కాగితాలు ప్రభుత్వానికి పంపడం మా పని. ఆ కాగితాల మీద ఇప్పుడు పెన్నుతో పెట్టే సంతకం చెల్లదు. ప్రతి డైరెక్టరుకూ పెన్‌డ్రైవ్ లాంటి ఒక డాంగిల్ ఉంటుంది. దాన్ని కంప్యూటర్‌కి గుచ్చి పాస్‌వర్డ్ కొడితే ఆ మనిషి స్వయంగా సంతకం పెట్టినట్టే లెక్క. ఎవరి డాంగిల్ వాళ్ళ దగ్గరే ఉండాలన్నది నియమం. మా ఆఫీసులో మాత్రం నలభైమూడు డాంగిళ్ళు నా బల్ల సొరుగులో, ఒక పాత మైసూర్‌పాక్ డబ్బాలో ఉండేవి. ఒక్కోదానికీ తెల్ల ప్లాస్టర్ చుట్టి పేరూ పాస్‌వర్డూ నేనే రాశాను. "అన్నీ మీరే చూసుకోండమ్మా" అనేవాళ్ళు క్లయింట్లు. నేనూ చూసుకునేదాన్ని. వాళ్ళ ఓటీపీలు కూడా మా ఆఫీసు ఫోనుకే వచ్చేవి.

పోయిన సెప్టెంబరులో ఈ బండి ఆగిపోయింది. డైరెక్టర్ల గుర్తింపు వివరాలు నింపబోతే, ఒకే ఫోను నంబరు ఇంతమందికి ఎట్లా ఉంటుందని పోర్టల్ అడ్డం తిరిగింది. ప్రతి డైరెక్టరూ తన సొంత నంబరు ఇవ్వాలి, తన ఫోనుకొచ్చిన ఓటీపీ తానే చెప్పాలి. సరిగ్గా అదే వారం కెంపమ్మ డాంగిల్ గడువు కూడా తీరిపోయింది. కొత్తది కావాలంటే వీడియో తీయాలి. పాన్ కార్డు ముఖం పక్కన పట్టుకుని, రెప్పలార్పి, తన పేరు తన నోటితో చెప్పి, నా ఇష్టంతోనే అడుగుతున్నానని కూడా చెప్పాలి.

కెంపమ్మ కంపెనీ ఎలక్ట్రానిక్ సిటీలో ఉంది. లిఫ్టుల లోపల, ఎలక్ట్రిక్ స్కూటర్ల లోపల ఉండే వైర్ల కట్టలు తయారుచేస్తారు. నడిపేది ఆమె తమ్ముడు దేవరాజ్. ఆయన ఫోన్ చేసి నా ప్రాణం తోడేశాడు.

"మేడమ్, శుక్రవారం సాయంత్రం అయిదుకు టెండర్ క్లోజ్. సర్కారు ఫ్యాక్టరీది. మహిళల పేరుతో ఉండే కంపెనీ అని మనకు చాన్సు. అక్క సంతకం లేకపోతే అప్‌లోడే కాదు. ఎట్లైనా చేయండి మేడమ్."

బుధవారం పొద్దున బయల్దేరాను. సిల్క్‌బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఎప్పట్లాగే నలభై నిమిషాలు కదల్లేదు. ఆ నలభై నిమిషాలూ కెంపమ్మ ఎలా ఉంటుందా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. కాగితాల ప్రకారం కంపెనీలో సగం పైన వాటా ఆవిడది, పైగా మేనేజింగ్ డైరెక్టరు. పట్టుచీర, నల్లకారు, మనతో సరిగ్గా మాట్లాడని రకం అని నాకు నేనే తీర్మానించుకున్నాను.

షీట్ల కప్పు వేసిన షెడ్డు. లోపల వరసగా బెంచీలు, ఇరవైమంది ఆడవాళ్ళు, ఒక మూల గాజు క్యాబిన్. దేవరాజ్ నన్ను కూర్చోబెట్టి కాఫీ చెప్పి, తలుపులోంచి తల బయట పెట్టి కేకేశాడు.

"అక్కా, రెండు నిమిషాలు రా!"

మూడో బెంచీ నుంచి ఒకామె లేచింది. అరవై దాటిన మనిషి. చీర మీద నీలం కోటు, నెరిసిన జుట్టు గట్టిగా ముడేసి ఉంది, మెళ్ళో పనివాళ్ళ పంచింగ్ కార్డు. కార్డు మీద ఏడో నంబరు. ఆమెను పంపి అక్కగారిని పిలిపిస్తాడనుకుని నేను తలుపు వైపే చూస్తున్నాను.

"ఈమే మేడమ్ మా అక్క" అన్నాడు దేవరాజ్.

"ఇక్కడే పనిచేస్తారా?"

"ఇంట్లో కూర్చుంటే బేజారంటాది మేడమ్. చెప్తే వినదు."

"బేజారు కాకేమి?" అంది కెంపమ్మ. "చేతులుండేది పనికే గదమ్మా."

తర్వాత తెలిసిన సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఆ షెడ్డు ఉన్న జాగా ఆమె భర్త రామయ్యది. రామయ్య పోయాక తమ్ముడు అక్కడ షెడ్డు వేశాడు. తర్వాత, ఆరేళ్ళ కిందట, కంపెనీ ఆమె పేరున పెడితే టెండర్లలో వీలుంటుందని ఎవరో సలహా ఇచ్చారట. ఎవరో ఏమిటి లెండి, మా లక్ష్మీనారాయణగారే. "నీ పేరు వేసినానక్కా" అన్నాడట తమ్ముడు. "వేయప్పా" అందట అక్క. పన్నెండేళ్ళు చిన్నవాడు, చంకనేసుకుని పెంచింది. అంతకన్నా అడగాలని ఆమెకు తోచలేదు. ఆ షెడ్డు మొదలైన నెలలోనే తనకూ ఒక బెంచీ కావాలని వచ్చి కూర్చుంది. వైరు చివర తోలు ఒలిచి, ఇత్తడి క్లిప్పు పెట్టి మిషన్‌తో నొక్కుతారు. దాన్ని క్రింపింగ్ అంటారు. అంత వేగంగా నొక్కే చెయ్యి ఆ షెడ్డులో ఇంకొకటి లేదట. పేరు గొప్ప ఊరు దిబ్బ అని వింటుంటాం గానీ, తన పేరు ఎంత గొప్పదో తనకే తెలియని మనిషిని నేను అప్పుడే చూశాను.

వీడియోకి సిద్ధం చేశాను. కిటికీ వెలుతురులో కూర్చోబెట్టి, కార్డు ఎట్లా పట్టుకోవాలో చూపించి, చెప్పాల్సిన మాటలు రెండుసార్లు చెప్పాను. ఆమె బుద్ధిగా విని, గొంతు సవరించుకుంది.

"నా పేరు కెంపమ్మ. మా నాయన చిక్కమునియప్ప. ఈడ క్రింపింగ్ చేస్తా ఉండాను."

ఆపేశాను. "క్రింపింగ్ కాదమ్మా. డైరెక్టర్ అని చెప్పాలి."

"ఎవురు?"

"మీరే."

ఆమె తమ్ముడి వైపు చూసి నవ్వింది. మెళ్ళో కార్డు పైకెత్తి నాకు చూపించింది. "నేను ఏడో నంబరమ్మా."

"అది ఊరికే కాగితానికి అక్కా" అన్నాడు దేవరాజ్. "మేడమ్ చెప్పినట్టు చెప్పేయ్. నాలుగు మాటలే."

కెంపమ్మ నవ్వు ఆపింది. ఫోను వైపు వేలు చూపించింది. "దీన్ని ఎవురు చూస్తారమ్మా?"

"సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు. నిజంగా మీరేనా, మీ ఇష్టంతోనే చెప్తున్నారా అని చూస్తారు."

"ముఖం చూపించి, నాయన పేరు చెప్పి, నా ఇష్టంతోనే అని చెప్పాల. అంటే ఇది ఆన గదా?"

"ఆన కాదమ్మా, వెరిఫికేషన్."

"మా ఊర్లో దీన్ని ఆన అంటారు" అంది. ఇక కదల్లేదు.

ఆమె పుట్టిన ఊరు సరిహద్దులో, తెలుగు మాట్లాడే బాగేపల్లి పక్కన. అక్కడ గట్టు తగాదా వచ్చినా, బోరు నీళ్ళ తగాదా వచ్చినా పంచాయతీలో కర్పూరం వెలిగిస్తారు. మనిషి దాని ముందు నిలబడి తన పేరూ తండ్రి పేరూ చెప్పి, ఇది నిజమని చెప్పి, అరచేత్తో ఆ మంట ఆర్పాలి. చిక్కమునియప్ప ఒకసారి అట్లా ఆర్పాడు. ఆ గట్టు మనదేనని తన అన్న చెప్తే నమ్మి, తాను కొలవకుండానే ఆన పెట్టాడు. మరుసటేడు సర్వేయరు వచ్చి కొలిస్తే రెండు బారల నేల పక్కవాళ్ళదని తేలింది.

"నాయన తానే మడక కట్టి దున్ని ఆ గట్టు వెనక్కి జరిపినాడు" అంది కెంపమ్మ. "అన్నతో మాట్లాడేది కూడా నిలిపేసినాడు. సచ్చేదాకా ఇంకెవరికీ సాక్షి చెప్పలేదు. చూడని దానికి నోరియ్యద్దు బిడ్డా అనేవాడు. నేను డైరెక్టర్ పని చూడలేదు. ఎట్ల చెప్పేది?"

"అక్కా, ఊరికే గలాటా చేయొద్దు. నాలుగు మాటలు!"

"నాయన కూడా నాలుగు మాటలే చెప్పినాడప్పా."

అప్పటికి పన్నెండు దాటింది. నాకు తిరుగు బస్సు, ఆఫీసులో ఇంకా నలభైరెండు కేసులు, పొద్దున తిన్న ఒక్క ఇడ్లీ. ఒళ్ళు మండింది.

"ఏమమ్మా ఇది! ఆరేళ్ళుగా ఎన్ని కాగితాల మీద మీ సంతకం లేదు? ఇప్పుడు కొత్తగా ఏమొచ్చింది?" అనేశాను.

నోరు జారానని అన్న తర్వాతే తెలిసింది. దేవరాజ్ ముఖం మాడిపోయింది.

"నా సంతకమా?" అంది కెంపమ్మ. "నేను రేషన్ కార్డుకు పెట్టిందే ఆఖరు. ఏం కాగితాలమ్మా అవి?"

"నీకెందుకక్కా అవన్నీ..."

"నా పేరుంటే నాకెందుకు కాదప్పా? చదవమ్మా."

నా లాప్‌టాప్‌లో అన్నీ ఉన్నాయి. ఆమెకు కన్నడం అక్షరాలు వచ్చు, ఇంగ్లీషు రాదు. ఒక్కో కాగితం తెరిచి తెలుగులో చెప్పుకుంటూ పోయాను. ఏటేటా పంపే లెక్కలు, బ్యాంకు కాగితాలు, కరెంటు కనెక్షన్. ఆమె ఊఁ కొడుతూ వింది. విసుగులో ఉన్నాను కాబట్టి ఏది చదవాలో ఏది వద్దో చూసుకోలేదు. జూన్ నెలది తెరిచాను.

"రెండో లైను మూసేసి, ఆ పని బయటి కాంట్రాక్టరుకు ఇవ్వాలనీ, ఆ లైనులో ఉన్న ఆరుగురిని తీసేయాలనీ డైరెక్టర్లు తీర్మానించారు" అని చదివేశాను.

ఊఁ వినిపించలేదు. తలెత్తి చూశాను.

"ఆరుగురు ఎవురు?" అంది.

కింద జాబితా ఉంది. మొదటి పేరు పార్వతమ్మ.

కెంపమ్మ చేతిలోని పాన్ కార్డు బల్ల మీద పెట్టింది. గాజు అవతల, తన బెంచీ పక్కన, రెండో లైను మొదట్లో ఖాళీగా ఉన్న స్టూలు వైపు చూసింది. "తొమ్మిదేండ్లు నా పక్కన కూర్చున్నాదమ్మా ఆమె. మధ్యాన్నం ఇద్దరం ఒకే డబ్బాలో తింటా ఉంటిమి. పొమ్మన్న పొద్దు నేనే పోయి బస్సెక్కించినాను. నా చేతిలో ఉంటే నిన్ను పోనిస్తానా పార్వతీ అని ఏడ్చినాను." నా వైపు తిరిగింది. "దాని కింద ఎవురు సంతకం పెట్టినారు?"

"దేవరాజ్‌గారు. మీరు."

"నేను పెట్టలేదు గదా. ఆ చెయ్యి ఎవురిది?"

దేవరాజ్ నా వైపు చూశాడు. నేను లాప్‌టాప్ వైపు చూశాను. ఆ సంతకం కొట్టిన రోజు కూడా నాకు గుర్తులేదు. గుర్తుండాల్సినంత పెద్ద పని కాదు అది, ముప్పై సెకన్లు.

"నాది" అన్నాను.

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

"నీకు పార్వతమ్మ తెలుసునా?"

"తెలీదమ్మా."

"నేనూ తెలీదు నీకు" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. పందొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఎవరూ నన్ను ఒక మాట అనలేదు, నా పని అంత శుభ్రం. ఆ శుభ్రం చూసుకునే ఇన్నేళ్ళూ మురిసిపోయాను.

కెంపమ్మ కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుంది. "డైరెక్టర్ అయితే దీన్ని ఆపొచ్చునా?"

"మీరిద్దరే డైరెక్టర్లు. వాటా మీదే ఎక్కువ. మీరు ఒప్పుకోకపోతే తీర్మానమే లేదు. కాంట్రాక్టరుకు ఒక నెల నోటీసు ఇస్తే ఇప్పుడైనా ఆగిపోతుంది. ఆ అగ్రిమెంటు టైపు చేసింది కూడా నేనే."

"మేడమ్!" దేవరాజ్ లేచి నిలబడ్డాడు. "మీరు మా ఆడిటర్ ఆఫీసా, ఎవరి ఆఫీసు? నేను మీ క్లయింటు!"

"మా క్లయింటు కంపెనీ అండీ. అందులో సగం పైన ఈమెది" అన్నాను. అంత ధైర్యం నాకు ఎక్కడ్నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

దేవరాజ్ కూర్చుండిపోయాడు. చెడ్డవాడు కాదు. కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు. "అక్కా, కాంట్రాక్టరుకు ఇయ్యకపోయుంటే ఈపాటికి ఇంకో లైను కూడా మూసేవాణ్ణి. శుక్రవారం టెండర్ పోతే ఉన్న ఇరవైమందీ ఇంటికే. నీకు చెప్తే బాధపడతావని చెప్పలేదు."

"చెప్పకుండా నా చేత్తోనే చేయిస్తివి గదప్పా" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "సరే. ఏముందో నాకు చూపించు. చూసినాకనే చెప్తాను."

మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా చూపించాడు. ఏ ఆర్డరు ఎవరిది, కాంట్రాక్టరు ఎంత చేస్తున్నాడు, అందులో పనికిరాదని ఎంత వెనక్కి తిరిగొస్తోంది. తిరిగొచ్చిన ఒక కట్ట తెప్పించి, ఒక వైరు పట్టుకుని లాగింది. క్లిప్పు ఊడి చేతిలోకి వచ్చింది. ఇంకొకటి లాగింది, అదీ వచ్చింది. "నొక్కినాక లాగి చూడల్ల. వీళ్ళు లాగి చూడలేదు" అని ఆ రెండు క్లిప్పులూ తమ్ముడి ముందు పెట్టింది. 

కాంట్రాక్టరుకు నోటీసు ఇద్దామని, లైను తెరుద్దామని ఇద్దరూ ఒప్పుకున్నారు. నేను ఆశగా ఫోను తీశాను.

"ఇప్పుడు కాదు" అంది కెంపమ్మ. "ముందు పార్వతి దగ్గర చెప్పల్ల. తర్వాతనే నీ ఫోనుకు."

"రేపు గురువారం, ఎల్లుండే టెండరు అమ్మా!"

"అందుకే రేపు పొద్దున్నే పోదాం. నువ్వూ రా. చెయ్యి నీది గదా."

పార్వతమ్మ అప్పటికి కాడుగోడిలో కూతురింట్లో ఉంటోంది. పొద్దున రైల్వే స్టేషన్ బయట గోనెపట్ట పరిచి ఆకుకూరలు అమ్మేది. మేము వెళ్ళేసరికి కొత్తిమీర కట్టల మీద నీళ్ళు చల్లుతోంది. కెంపమ్మను చూసి ముఖం విప్పారింది. "ఏమే, పని ఎగ్గొట్టి వచ్చినావా? వాళ్ళు నిన్నూ పొమ్మన్నారా?"

కెంపమ్మ కూర్చోలేదు. నిలబడే చెప్పింది.

"నిన్ను పనిలోంచి తీసింది నేనే పార్వతీ."

"ఎండకు తల తిరిగిందా ఏమి?"

"ఆ కంపెనీ నా పేరుతో ఉండాదంట. నిన్ను తీసేసిన కాగితం కింద నా సంతకం ఉండాది. నాకు నిన్ననే తెలిసింది."

"సంతకం ఆమె పెట్టలేదమ్మా, ఆమె పేరుతో నేను పెట్టాను" అన్నాను. 

పార్వతమ్మ నీళ్ళ చెంబు కింద పెట్టి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అయితే నువ్వు ఓనరమ్మవా?"

"అవునంట."

"అయ్యో దేవుడా! తొమ్మిదేండ్లు నా డబ్బాలో చట్నీ నాకి తినింది ఓనరమ్మా?" అని పెద్దగా నవ్వింది. పక్కన పూలమ్మే ఆమె కూడా తిరిగి చూసింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఒత్తుకున్నాక మాత్రం నవ్వు లేదు.

"ఆ పొద్దు బస్సెక్కిస్తా ఏడిస్తివి."

"ఏడిస్తిని."

"అది నిజమేనా?"

"అది నిజమే" అంది కెంపమ్మ. "సోమవారం మీ లైను మళ్ళీ తెరుస్తా ఉండాము. నువ్వు రావల్ల."

పార్వతమ్మ చాలాసేపు కొత్తిమీర కట్టలు సర్దింది. సర్దినవే మళ్ళీ సర్దింది. బస్సొకటి వచ్చి ఇద్దరు ముగ్గురు దిగారు, ఒకాయన కరివేపాకు బేరమాడి వెళ్ళిపోయాడు. అప్పుడు తలెత్తకుండానే అడిగింది. "సోమవారం ఎన్నిగంటలకు రావల్ల?"

"ఎనిమిదిన్నరకే. ఎప్పట్లాగే."

"సరే. దా, కూర్చో. ఎండలో ఎంతసేపు నిలబడతావు?"

కెంపమ్మ గోనెపట్ట అంచున కూర్చుంది. బొడ్డు సంచీలోంచి పాన్ కార్డు తీసి ముఖం పక్కన పెట్టుకుని నా వైపు తిరిగింది. "ఇప్పుడు తియ్యి."

వెనక పాలకూర, పక్కన పార్వతమ్మ మోచెయ్యి. జరగమ్మా అంటే జరిగింది. కెంపమ్మ రెప్పలార్పి, తొణక్కుండా చెప్పింది.

"నా పేరు కెంపమ్మ. మా నాయన చిక్కమునియప్ప. ఈ కంపెనీకి నేను డైరెక్టరుని. నా ఇష్టంతోనే ఈ సంతకం అడగతా ఉండాను." ఇక చాలని నేను చెయ్యి ఊపుతుంటే ఇంకొక మాట కలిపింది. "నాకు చదివి చెప్పకుండా దీంతో ఎవురూ సంతకం పెట్టగూడదు."

ఆమె బటన్ల ఫోనుకు వచ్చిన ఓటీపీని ఒక్కో అంకె ఆమే చదివింది. ఎక్కువ మాట్లాడారని వీడియో తిప్పి పంపుతారేమోనని భయపడ్డాను. పంపలేదు. సాయంత్రానికి ఒప్పుకున్నారు. శుక్రవారం మధ్యాహ్నం గాజు క్యాబిన్‌లో కూర్చుని టెండరు కాగితాలు మొత్తం వినిపించుకుని, పాస్‌వర్డ్ తానే ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టింది. అప్‌లోడ్ అయ్యేసరికి గడువుకు ఇంకా నలభై నిమిషాలున్నాయి. ఆర్డరు దీపావళి ముందు వచ్చింది, అడిగినదాంట్లో సగం.

తీసేసిన ఆరుగురిలో ముగ్గురే తిరిగొచ్చారు. ఇద్దరికి వేరే పని దొరికింది, ఒకామె ఊరికి వెళ్ళిపోయింది. నేను మైసూర్‌పాక్ డబ్బా బల్ల మీద బోర్లించి, ఒక్కొక్కరికీ ఫోన్ చేయడం మొదలుపెట్టాను. "ఎందుకమ్మా, మా ఆవిడకు ఏమీ తెలీదు" అన్నాడు మొదటాయన. అందుకే సార్ అన్నాను. లక్ష్మీనారాయణగారు నాతో వారం రోజులు మాట్లాడలేదు.

పోయిన నెల ఆ షెడ్డుకు వెళ్ళాను. కెంపమ్మ మూడో బెంచీలోనే ఉంది, పక్క స్టూలు మీద పార్వతమ్మ. మెళ్ళో ఏడో నంబరు కార్డు, అదే తాడుకు డాంగిల్. దేవరాజ్ క్యాబిన్‌లోంచి ఒక కాగితమూ లాప్‌టాప్పూ పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, అర్జెంటు. ఒక్క సంతకం."

కెంపమ్మ చేతిలో ఉన్న వైరుకు క్లిప్పు నొక్కింది. గట్టిగా లాగి చూసి పెట్టెలో వేసింది. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది.

"చదువప్పా."

ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. రెండు ముక్కలు చదివాడో లేదో పార్వతమ్మ మిషన్ ఆపేసింది.

"కొంచెం గట్టిగా చదువప్పా, మాకూ వినపడల్ల."